పై కారణమే

మే నెల పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం రెండున్నర. కర్నూలు, బళ్లారి రోడ్డు వైపున్న వర్క్‌షాపు.

హాజరైనవారు: వర్క్‌షాపు యజమాని. బనగానపల్లె మామిడి గోదాము యజమాని. ప్రోగ్రాములు రాసే అమ్మాయి. నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎక్కడ నలుగురు కూర్చుని పని గురించి మాట్లాడినా ముందు తేదీ, ఆ కింద ఎవరెవరు ఉన్నారో రాయడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు అలవాటు. ఆ రోజు మాత్రం పేర్ల దగ్గరే ఆగిపోయాను. కింద రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల లోపల నడిచే ప్రోగ్రాములు రాశాను. రిటైరై కడపలో ఉంటున్నాను. వర్క్‌షాపు యజమాని ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. ఉద్యోగం వదిలి సొంతంగా పెట్టెలు తయారు చేస్తున్నాడు. ఆ పెట్టెను మామిడి పండ్లు మాగబెట్టే గదిలో గోడకు బిగిస్తారు. అది గదిలో వేడి ఎంతుందో చూసి ఫ్యాన్లు నడుపుతుంది. లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరు. "సార్, ఇంట్లో పేపరు చదువుకుంటా కూచుంటే ఎట్ల, మా ఆఫీసు పాపకు తోడుగా రాద్దురు రాండి" అని నన్ను పిలిచాడు. నెలకు రెండుసార్లు నంద్యాల మీదుగా బస్సులో వచ్చి, ఆయన మేడ మీది గదిలో రెండు రోజులు ఉండి పోతాను. మిగతా పని ఇంటి నుంచే.

పని ఏమిటో చెప్పాలి. కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టంలో కెర్నెల్ అనే భాగం ఉంటుంది. జరిగే ఒక్కో పనిని అది ఒక టాస్క్‌గా చూసి, ప్రతి టాస్క్‌కూ ఒక రికార్డు పెట్టుకుంటుంది. మా పెట్టెలో వేడి కొలిచేది ఒక టాస్క్, ఫ్యాను నడిపేది ఇంకొకటి. ఆ రెండూ బతికున్నాయో లేదో చూస్తూ ఉండే కావలి టాస్క్ మూడోది. ఒక రికార్డును ఎంతమంది పట్టుకున్నారో, అంటే వాడుకుంటున్నారో, కెర్నెల్ లెక్క ఉంచుతుంది. లెక్క సున్నాకు దిగితే ఆ రికార్డును చెరిపేసి చోటును మరొకరికి ఇచ్చేస్తుంది. లెక్క పెంచకుండా పట్టుకున్నవాడు, పోయిన రికార్డు ఇంకా ఉందనుకుని చదువుతాడు. పెట్టె ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది.

కెర్నెల్ పాత సి భాషలో ఉంది. మేం రాసేది రస్ట్ అనే కొత్త భాషలో. అందులో ఇలాంటి తప్పులను మనం రాసినదాన్ని యంత్రానికి తిప్పి చెప్పే కంపైలరే చాలావరకు పట్టుకుంటుంది. అయితే కెర్నెల్‌ను నేరుగా తాకే చోట దానికి ఏమీ కనపడదు. అలాంటి చోట్లను ఫంక్షన్లు అనే చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కల్లో మూసిపెట్టి, మిగతావాళ్లు భయం లేకుండా వాడుకునేట్టు చేస్తాం. వీటిని ర్యాపర్లు అంటాం. వాటి లోపల ప్రమాదకరమైన ప్రతి వరుస మీదా, ఇక్కడ ఎందుకు ప్రమాదం లేదో మనిషి తన మాటల్లో కారణం రాయాలి. ఆ కారణాన్ని యంత్రం చదవదు, తర్వాత వచ్చే మనిషి చదువుతాడు. ర్యాపర్లూ కారణాలూ రాయడం నా పని. వాటిని వాడి పెట్టెను నడిపించడం ఆ అమ్మాయి పని.

ఆ బుధవారం వర్క్‌షాపు యజమాని నమాజు చేసుకుని వచ్చి కూర్చోగానే గోదాము యజమాని సంచిలోంచి ఒక పండు తీసి బల్ల మీదే కోశాడు. తొక్క నున్నగా, పసుపుగా ఉంది. టెంక చుట్టూ నల్లటి జిగురు.

"చూసినావాప్పా?" అన్నాడు నాతో. "పైకి పెండ్లికొడుకు మాదిరి ఉండాది, లోపల ఇదీ కత. మీ పెట్టె గూడా అంతే. పచ్చలైటు ఎలగతానే ఉండె, లోపల సచ్చిపోయి ఉండాది."

"రెండుసార్లు అట్లయింది అన్నా. ఒప్పుకుంటాండా," అన్నాడు వర్క్‌షాపు యజమాని.

"నువ్వు ఒప్పుకుంటే నా కాయలు లేసొస్తాయా? గది నిండా ఉండె. నాయి మాత్రమే కాదు, మా ఊరోళ్లవి శానా మందివి. ఎవురు చేసినారు ఇది? నాకు ఆ మనిషిని చూపీ."

వర్క్‌షాపు యజమాని దగ్గర మార్పుల జాబితా ఉంది. కావలి టాస్క్‌కు రికార్డు అప్పగించే ఫంక్షన్‌లో లెక్క పెంచే వరుసను ఏప్రిల్లో ఎవరో తీసేశారు. గోదాములో వేడి కొలిచే తీగ వదులైనప్పుడల్లా ఆ టాస్క్ ఆగిపోయి కొత్తగా మొదలవుతోంది. కావలి టాస్క్ మాత్రం చెరిగిపోయిన పాత రికార్డునే పట్టుకుని ఉంటోంది. జాబితాలో ఆ వరుస పక్కన అమ్మాయి పేరుంది.

ఆమెది పత్తికొండ దగ్గర పల్లె. చేరి పది నెలలు. ఏడాది నిండితే ఉద్యోగం ఖాయం చేస్తానని యజమాని మాట ఇచ్చాడు. ఆ మాట మీదే ఆమె తన చెల్లెలిని కూడా కర్నూలు తెచ్చుకుని కాలేజీలో చేర్పించింది.

"నువ్వేనా పాపా?" అన్నాడు గోదాము యజమాని. "మా సేద్యగాడు సదువు రానోడు. వాడు గూడా బాయి గోడలోంచి రాయి పీకడు. ఏం సదివినావు నువ్వు?"

"అవసరం లేదని రాసింటే, చదివే తీసినాను సార్," అంది ఆమె. లాప్‌టాప్‌ను నా వైపు కొంచెం తిప్పింది. నాకు మాత్రమే కనపడేంత.

ఆమె తీసేసిన వరుస మీద నేను రాసిన కారణం ఉంది. ఇంగ్లీషులో రాసినా, తెలుగులో చెప్పాలంటే రెండు మాటలు: పై కారణమే. ఆ పైన ఉన్నది వేరే ఫంక్షన్. దాని కారణం ఇలా ఉంది: ఈ టాస్క్ తన రికార్డునే తాను చూసుకుంటోంది, తాను నడుస్తున్నంతసేపు ఆ రికార్డు పోదు, లెక్క పెంచనక్కర్లేదు.

అక్కడ అది నిజం. కింద అప్పగించే చోట అది పచ్చి అబద్ధం. ఒక టాస్క్ ఇంకో టాస్క్ రికార్డును పట్టుకునేటప్పుడు లెక్క పెంచి తీరాలి. ఈ రెండు మాటలూ నమ్మినవాళ్లు ఎవరైనా ఆ వరుసను తీసేస్తారు.

అమ్మాయి నా ముఖం చూస్తూ ఉంది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. "తీసే ముందు ఒకసారి అడిగి ఉండాల్సింది," అన్నాను.

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"బేటా, రేపు పొద్దున ఇది ఈడ పెట్టేసి పో," అన్నాడు యజమాని ఆమెతో, తల వంచుకుని. "నాకు వేరే దారి లేదు."

సాయంత్రం గదిలో కూర్చుని ఫోన్‌లో పాత సందేశాలు వెతికాను. ఏప్రిల్లో ఆమె పంపినది దొరికింది. "సార్, అప్పగించే ఫంక్షన్‌లో లెక్క పెంచేది అవసరమా? తీసేయచ్చా?" దాని కింద నా జవాబు: "కారణం పైన రాశాను. చదువుకో."

అడిగింది. ఈ సందేశం ఆమె ఫోన్‌లోనూ ఉంటుంది. మధ్యాహ్నం తీసి చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు. నేను చెబుతానని ఎదురుచూసింది.

ఆ ఫైలు ఎప్పుడెప్పుడు మారిందో కంప్యూటరు రాసి ఉంచుతుంది. ఫిబ్రవరి పందొమ్మిదిన నా పేరుతో ఒక మార్పు ఉంది. ఆ రోజు ఏం అనుకుని చేశానో తెలియాలంటే డైరీ చూడాలి. నా వెంట ఉన్నది ఏప్రిల్లో మొదలుపెట్టిన కొత్తది, ఫిబ్రవరిది కడపలో ఉంది. ఇంటికి ఫోన్ చేశాను.

"పచ్చ అట్ట బుక్కు. ఫిబ్రవరి తియ్యి," అన్నాను నా భార్యతో.

"ఉండు, కండ్లద్దాలు పెట్టుకోనీ. ఇన్నేండ్లకు ఈ బుక్కు తెరిసే భాగ్యం కలిగె నాకు." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఇదేంది, దినామూ పైలాగే, పైలాగే అని రాసిండావు?"

"విశేషం లేని రోజు అట్లే రాస్తా."

"పదో తేదీ గూడా పైలాగేనే. ఆ పొద్దు మా యమ్మ తిథి. తెల్లారినప్పట్నుంచి పొయ్యికాడనే ఉంటి నేను. పదిమంది వచ్చి తినిపోయిరి. పైలాగే అంట!"

పందొమ్మిదో తేదీ చూడమన్నాను.

"చదువుతాండా. 'ర్యాపర్ల ఫైల్లో ఫంక్షన్ల వరుస సరిచేశాను. చూడటానికి శుభ్రంగా ఉంది. అర్థంలో మార్పు లేదు.' అంతే రాసిండావు. ఏమయింది ఇప్పుడు?"

చెప్పాను. మొదట్లో అప్పగించే ఫంక్షన్‌కు పైన, నంబరుతో టాస్క్‌ను వెతికే ఫంక్షన్ ఉండేది. దాని మీద పొడుగ్గా రాశాను: లెక్క పెంచాం కాబట్టి మనం దించేదాకా రికార్డు ఉంటుంది అని. కింద కూడా అదే కారణం కనక, పై కారణమే అని వదిలేశాను. ఫిబ్రవరిలో చిన్న ఫంక్షన్లు ముందు, పెద్దవి వెనక ఉంటే అందంగా ఉంటుందని జరిపాను. పైన ఉండేది మారిపోయింది. కింది రెండు మాటలు మారలేదు.

"అంటే, డబ్బా మీద 'పక్క డబ్బాలో ఉండేదే' అని చీటీ అంటించి, డబ్బాలన్నీ అటూ ఇటూ జరిపినట్టా?"

"అట్లాంటిదే."

"ఏ ఆడదీ రాయదు అట్లాంటి చీటీ."

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"మరి ఆ పాప?" అంది.

"రేపు పంపించేస్తాండారు."

"నువ్వేమంటివి ఆడ?"

"తీసే ముందు అడగాల్సింది అంటిని."

ఫోన్‌లో మా ఇంటి ఫ్యాను చప్పుడు వినపడింది. "అన్నం తిను. రేపటి పేజీలో మాత్రం పైలాగే అని రాయొద్దు," అని పెట్టేసింది.

యజమాని ఇల్లు కిందే. టీవీ వినపడుతోంది. మెట్లు సగం దిగి, మళ్లీ ఎక్కి వచ్చేశాను. ముప్పై ఏళ్ల కిందట అతను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి ఎర్ర సిరాతో దిద్దినవాణ్ణి నేను. ఇప్పటికీ నేను వస్తే లేచి నిలబడతాడు. అది పోతుందని దిగలేకపోయాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను, దొరకలేదు.

లాప్‌టాప్ తెరిచి, ఫైల్లో ఎన్నిచోట్ల పై కారణమే అని రాశానో చూశాను. పదిహేడు. ఒక్కోదానికి అసలు కారణం కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. కొన్నిటి దగ్గర పెన్ను ఆగిపోయింది. రాసినవాణ్ణి నేనే. కారణం మాత్రం నాకే తెలియలేదు.

మర్నాడు, గురువారం, తొమ్మిదింటికి దిగేసరికి అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. లాప్‌టాప్ సంచిలో పెట్టి, చార్జరు తీగ చుట్టి పక్కన ఉంచి, నిలబడి ఉంది. యజమాని ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నాడు.

"తప్పు ఆ అమ్మాయిది కాదు. నాది," అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. "మీరు పాపమని అట్లంటాండారు సార్. కూచోండి."

నేను జాలిపడి మాట్లాడుతున్నానని అనుకున్నాడు. ఫోన్‌లో సందేశం చూపించాను. ఫిబ్రవరి మార్పు చూపించాను. చదివి, కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించాడు.

"సార్, అయిపోయిందేదో అయిపోయింది. అన్నకు మీ పేరు చెప్తే మన పెట్టె ఇంకెవురు కొంటారు? మీ పేరు చూపించే గదా నేను అమ్ముకుంటాండేది. పాప చిన్నది, ఇంకోకాడ దొరుకుతాది పని."

అమ్మాయి రెండు బారల దూరంలో ఉంది. అంతా విన్నది. చార్జరు తీగను విప్పి మళ్లీ చుట్టింది.

బల్ల మీది అతని ఫోన్ తీసుకుని గోదాము యజమానికి నేనే చేశాను. అందరికీ వినపడేట్టు పెట్టాను. నేనెవరో చెప్పి, కారణం నేను తప్పుగా ఉంచానని, అమ్మాయి అడిగిందని, నేను చూడకుండా జవాబిచ్చానని వరుసగా చెప్పాను.

"నిన్న ఆ పాపను అన్ని మాట్లంటి," అన్నాడు. "నువ్వు పక్కనే కూచోనుంటివి గదప్పా. నీ నోట్లో ఏముండె అప్పుడు?"

నా జవాబు కోసం అతను ఆగలేదు.

"ఫోన్ ఆ పాపకియ్యి."

ఆమె దగ్గరికి వచ్చింది.

"పాపా, రాయి పీకిచ్చింది వేరేవాళ్లంట గదా. నేనన్న మాట మనసులో పెట్టుకోవాకు. నా గది ఉత్తగా పడుండాది. ఈ పొద్దే వచ్చి పెట్టె బాగుచేసి పో. నువ్వే రా. ఆ పెద్దాయన్ని మాత్రం పిల్చుకోని రావాకు."

"సరే సార్," అంది.

యజమాని సంతకం పెట్టిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తీసి బల్ల మీద పెట్టు బేటా," అని ఆమెతో అని, నా వైపు చూడకుండా బయటికి వెళ్లాడు.

ఆమె లాప్‌టాప్ తీసి చార్జరు తగిలించింది. తాను తీసేసిన వరుసను ముందు తిరిగి పెట్టింది. తర్వాత పదిహేడింటిలో మొదటిది తెరిచి, తెర వైపే చూస్తూ, "కారణం చెప్పండి సార్, పూర్తిగా. రాసుకుంటా," అంది. చెప్పాను. రెండోది, మూడోది చెప్పాను. నాలుగోదాని దగ్గర నా కాగితం ఖాళీగా ఉంది.

"తెలియదు," అన్నాను.

ఆ పొద్దున మొదటిసారి నా వైపు తిరిగింది. "తెలియదనే రాయాలనా సార్?"

"అట్లే రాయి."

రాసింది. ఆ ఫంక్షన్‌ను ఎవరూ వాడకుండా మూసేసి ఐదోదానికి వెళ్లింది. బనగానపల్లె బస్సు పన్నెండింటికని, అప్పటిలోగా మిగతావన్నీ చెప్పేయమని అంది.