మా మేడమ్ గురక

మా మేడమ్ ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోతారు. ఆవిడ గురించి ఇంకేం చెప్పినా దీని తర్వాతే. సెమినార్లో నిద్రపోతారు. డైరెక్టరుగారి గదిలో, ఆయన మాట్లాడుతుండగానే నిద్రపోతారు. ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోయి మేమందరం దేవుణ్ణి తలుచుకుంటుంటే, ఆవిడ ఓ మూలకి చేరబడి నిద్రపోయారు. తలుపు తెరిచిన మెకానిక్, ఆవిడకి స్పృహ తప్పిందనుకుని, ముందు ఆవిణ్ణే మోసుకెళ్లబోయాడు.

పోనీ అది గుట్టుగా పోయే నిద్రా అంటే, కాదు. గురక. తలుపు కీచుమన్నట్టు మొదలై, బల్ల ఈడ్చినట్టు ముగుస్తుంది.

దీనికి ఆవిడ దగ్గర శాస్త్రీయమైన సమాధానం ఉంది. మా ల్యాబులో మేం చూసేది ముసలి ఎలుకల మెదళ్లు. నరాల కణంలో తయారయ్యే ప్రతి ప్రోటీనూ ఒక పద్ధతిగా మడత పడాలి. మడత తప్పినవి ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. వయసులో ఉన్న కణం వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చి పారేస్తుంది. ముసలి కణానికి ఆ ఓపిక ఉండదు. ఉండలు పేరుకుపోతాయి, కణాలు చచ్చిపోతాయి, మనిషి కన్నకూతుర్ని పట్టుకుని నువ్వెవరని అడుగుతాడు. ఈ ఊడ్చే పని కొంత నిద్రలోనే జరుగుతుందని మా రంగంలో చాలామంది నమ్మకం. మా మేడమ్‌ది నమ్మకం కాదు, భక్తి.

"ఏం బాబూ, రాత్రి ఊడ్చుకున్నావా?" అన్నది ఆవిడ పలకరింపు. బయటినుంచి వచ్చిన అతిథుల్నీ అలాగే అడుగుతారు. ఓ పెద్దమనిషి పాపం కంగారుగా చొక్కా దులుపుకున్నాడు.

నాకేమో ఆరు నెలల పాప. మా ఆవిడ నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలే. పాప ఏడిస్తే ఎందుకేడుస్తోందోనని భయం. ఏడవకపోతే ఊపిరాడుతోందో లేదోనని ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, అది లేచి ఏడుస్తుంది. ఈ లెక్కన నా బుర్రలో ఎన్ని ఉండలు కట్టి ఉంటాయో అనుకుంటే, వచ్చే కునుకు కూడా ఎగిరిపోయేది. చదువుకున్న చదువు అలాంటిది.

ఇలా నేను కళ్లల్లో వత్తులు వేసుకుని నెట్టుకొస్తుంటే, పక్క కుర్చీలో ఆవిడ హాయిగా గురక. సిగ్గుపడే డ్యూటీ మాత్రం నాది.

"ఆవిడ మీ మేడమేనా?" అని చెవిలో అడిగేవాడు ఏ పక్క ల్యాబువాడో.

"అవునండి."

"నిద్రపోతున్నారా?"

"కళ్లు మూసుకుని వింటారండి."

సరిగ్గా అప్పుడే బల్ల ఈడ్చేవారు.

"చాలా గట్టిగా వింటున్నారే."

నా చెవులు ఎర్రబడేవి. ఒకరోజు ధైర్యం చేసి కదిపాను. "మేడమ్, డైరెక్టరుగారి ముందైనా కాస్త..."

"కాస్త?"

"కాస్త మెలకువగా ఉంటే..."

"ఆయన చెప్పేది మెలకువగా ఉండి వినాలంటావా?"

"నా వల్ల నీకు తలవంపులుగా ఉందా బాబూ?" అని మళ్లీ అడిగారు. అబ్బే లేదండి అన్నాను. ఉంది. తల నేలకి తగిలేటంత ఉంది.

ఇంతలో నా ఉద్యోగం మీదికొచ్చింది. నాది కాంట్రాక్టు. కమిటీ ముందు నా పని వివరిస్తే, వాళ్లకి నచ్చితే పొడిగిస్తారు. నచ్చకపోతే నెలాఖరుకి పాలడబ్బాతో సహా రోడ్డు మీద పడతాం. ముందురోజు మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"రేపు ఒక్క గంట మేడమ్..."

"గంటేం ఖర్మ, రెండు గంటలైనా కూర్చుంటాను."

కూర్చుంటారనే నా భయం.

పాపకి పళ్లొస్తున్నాయి. ఆ రాత్రి ఇద్దరం కలిసి ఏడ్చాం. పొద్దున్నే వెళ్లి కమిటీ ముందు మాట్లాడాను. దీపాలార్పిన గదిలో, తెర మీద ముసలి కణాల్లోని ఉండలు ఎర్రగా మెరుస్తుంటే, నా గొంతు నాకే బావుందనిపించింది. తర్వాత కమిటీవాళ్లు ఆ ఎర్రరంగు నమ్మదగిందా కాదా అని వాళ్లలో వాళ్లు వాదించుకోవడం మొదలెట్టారు. నేను వెళ్లి మేడమ్ పక్కన కూర్చున్నాను.

బల్ల ఈడ్చిన చప్పుడుకి ఉలిక్కిపడ్డాను. ఎవరో దీపాలు వేశారు. అందరూ నవ్వుతున్నారు. మేడమ్ కళ్లు నులుముకుంటున్నారు.

"ఏంటి మేడమ్, మీ కుర్రాడి ఉద్యోగం తేలుతుంటే కూడానా?" అన్నారు డైరెక్టరుగారు.

"ముసలి మెదడండీ. ఆగలేదు."

"ఆ అబ్బాయిని చూసి నేర్చుకోండి. ఎంత శ్రద్ధగా కూర్చున్నాడో."

నేను ఇంకా శ్రద్ధగా కూర్చున్నాను. ఆవిడ తరఫున సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాను.

కాంట్రాక్టు పొడిగించారు. బయటికి రాగానే, మేడమ్‌కి అటుపక్కన కూర్చున్న మా ల్యాబు సీనియర్ అక్క దగ్గర కక్కేశాను. "ఇవాళైనా ఆగలేకపోయారు చూశావా అక్కా. నా పరువు తీసేశారు."

"ఎవరు?"

"మేడమ్. ఆ గురకేంటి?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ముందొచ్చింది నీ గురక. ముక్కులో ఈలతో సహా. ఎవరా అని డైరెక్టరు చీకట్లో తల తిప్పుతున్నాడు, అంతలో ఆవిడ అందుకుంది."

"అంటే ఆవిడ నిద్రపోలేదా?"

"నిద్రా? అంతకుముందే నీ మూడో స్లైడులో తప్పుందని నాకు చెవిలో చెప్పింది. నువ్వు తల వాల్చినప్పుడల్లా ఆవిడ అంతే. నాకు కవలలు పుట్టినప్పుడు నాకూ అలాగే గురక పెట్టింది."

"మరి లిఫ్టులో?"

"అది మాత్రం నిజం నిద్రే."

ఇన్నాళ్లూ ఆవిడ సిగ్గు నేను మోస్తున్నాననుకున్నాను. నాదాన్ని ఆవిడ నెత్తిన పెట్టుకుని నవ్వులపాలవుతున్నారు. తిన్నగా ఆవిడ గదికి వెళ్లాను.

"మేడమ్, నన్ను క్షమించాలి."

"ఎందుకూ?"

"ఆ గురక నాదటండి."

"గురక మీద పేర్లు రాసుంటాయా బాబూ. నించుని మాట్లాడకు, కూర్చో."

ఆవిడ పెద్ద కుర్చీ మెత్తగా ఉంది. చెప్పుకోవాల్సింది చాలా ఉంది, దారిలో అన్నీ వరసగా కూర్చుకునే వచ్చాను. "ఇన్నాళ్లూ మిమ్మల్ని నేను..." అని మొదలుపెట్టాను. రెండో వాక్యం దాకా వెళ్లినట్టే గుర్తు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ తగ్గిపోయింది. గదిలో నేనొక్కణ్ణే. గాభరాగా తలుపు తీశాను. తలుపుకి బయటివైపు ఓ కాగితం అంటించి ఉంది: "మేడమ్ నిద్రపోతున్నారు. లేపకండి." ఆ పక్కనే వరండాలో, చిన్న స్టూలు మీద, ఒళ్లో గాజు స్లైడ్ల పెట్టెతో మేడమ్ కూర్చుని ఉన్నారు. ఒక్కో స్లైడూ వెలుగుకెత్తి చూసుకుంటున్నారు.

తలుపు చప్పుడుకి తలెత్తి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"మెల్లిగా బాబూ, మేడమ్ లేస్తారు."