విడుదల రోజే కొన్న అడవి

నేనాడే వీడియో గేమ్‌కు కొత్త అడవి కలుపుతున్నామని ఏడాదిపాటు ఊదరగొట్టారు. విడుదల రోజే కొన్నాను. ఆడుకోవడానికి పాల్వంచ కరెంటు ప్లాంటులో నా షిఫ్టును తోటి ఆపరేటర్‌కు అంటగట్టాను. అతనిది అడవిలోని కోయగూడెం. సాయంత్రానికి గేమ్ కంపెనీ నుంచి 'లోపాలు సరిచేస్తున్నాం, మీ ఓపికకు ధన్యవాదాలు' అని మెసేజ్ వచ్చింది. నాకు ఓపిక ఉందని వాళ్లకెవరు చెప్పారో తెలియదు.

మర్నాడు క్యాంటీన్‌లో అతను అడిగాడు. "ఎట్లున్నదన్నా నీ అడవి?"

"వాగు దాటబోతే నేల లోపటికి దిగబడిపోయిన. పులేమో కాళ్లు కదపకుండనే జారుకుంట వస్తది. అడవంతా ఒక్కటే తీరు చెట్టును మళ్ల మళ్ల నాటిండ్రు. జల్దీ జల్దీ చేసి వదిలిండ్రు, బేకార్‌గాళ్లు."

అతను ఉప్మా నమలడం ఆపలేదు. "మా గూడెంల కొత్తల పండుగ చేసి వేల్పుకు పెట్టేదాంక మామిడికాయ ఎవ్వరం ముట్టం."

"అంత పులుపా?"

"పులుపని కాదు. టెంక ముదరాలె గదా. ముందే తింటే జరిమానా ఏస్తరు."

"గదే నేననేది! ఆ కంపెనీకి ఎయ్యాలె జరిమానా."

"కంపెనీ సంగతి నాకు తెల్వదన్నా. మా దగ్గరైతే తిన్నోనికే ఏస్తరు."