మబ్బు కింద మనిషి

మా ప్రార్థన మందిరం గోడ మీద ఒక మబ్బు ఫొటో ఉంది. దాని బరువు ఇన్నేళ్లూ నా గుండె మీద ఉంది. దేవుడికి ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం సులువు. ఆయన వెళ్లి శాంతమ్మకు చెప్పడు. ఇది చదివే మీరు చెప్పగలరు. అందుకే మీ ముందు విప్పుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నేను ఆళ్లగడ్డ దగ్గర ఒక చిన్న సంఘానికి ఉపదేశిని. ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి. నల్లమల మీద మబ్బులు లేస్తే చాలు, డబ్బా కెమెరా తీసుకుని సైకిలెక్కేవాణ్ణి. ఆకాశంలో దేవుని మహిమ చూపిస్తున్నానని అందరితో అనేవాణ్ణి. మహిమ ఎవరికి కావాలో నన్ను నేను అడగలేదు.

ఆ సాయంత్రం దొర్నిపాడు దారిలో ఆకాశం సగం నల్లబడింది. మా సంఘస్థుడు ఏసోబు గడ్డపార భుజాన వేసుకుని చేనులోంచి ఇంటికి పోతున్నాడు. చుట్టూ చెట్టన్నది లేని నల్లరేగడి. అంత మబ్బు కింద ఒక్క మనిషి ఉంటే ఎంత బాగుంటుందనిపించింది. అతణ్ణి ఆపాను.

"నా మొగం యాడ బాగుంటాదన్నా, మోడాన్నే తీయ్," అని మబ్బు వైపు చూపించి నవ్వాడు.

"గడ్డపార పైకెత్తప్పా."

ఎత్తాడు. ఒకటి తీశాను.

"అయిపాయె గదా? ఉరుముతాండాది. పోదాం పా, బేగా."

"మెరుపొచ్చేదాకా ఆగప్పా. ఇంకొక్కటి."

"సరేలే. ఉపదేశి మాట ఇన్లేదంటే మా శాంతమ్మ సంగటి పెట్టదు."

పిడుగు పడింది. ఏసోబు మళ్లీ లేవలేదు. రోడ్డు మీద నుంచి దూరంగా చూశానని ఊళ్లో చెప్పాను.

పిడుగు ఊరకే పడదన్నారు సంఘ పెద్దలు. అంతకుముందు అతను జాతరకు పోయి అమ్మవారికి బలిచ్చిన పొట్టేలు కూర తిన్నాడని ఎవరో అన్నారు. అదే పాపమైంది. తెలిసీ దాచిందని అతని భార్య శాంతమ్మను ప్రభు సంస్కారానికి దూరం పెట్టారు. పాస్టరు పక్కన రొట్టె పళ్లెం పట్టుకునేది నేనే. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆ పళ్లేన్ని పక్కకు తిప్పింది ఈ చెయ్యే.

ఒకసారి గుమ్మం దగ్గర ఆమె నన్ను అడిగింది: "దూరం నుంచన్నా చూసినావు గదన్నా. అంత ఉరుముతాంటే ఆయప్ప ఒట్టి చేన్లో ఎందుకు నిలబడినాడు?"

"దేవుని చిత్తం తల్లీ," అన్నాను.

దేవుని పేరు వ్యర్థంగా పలకకూడదని పిల్లలకు నేర్పిన నోరది.

నంద్యాల స్టూడియోలో రీలు కడిగించాను. మెరుపు లేదు. ఏసోబు గడ్డపార ఎత్తి నవ్వుతున్నాడు. కింది భాగం కోయించాను. మిగిలిన మబ్బును పెద్దది చేయించి పటం కట్టిస్తే, పెద్దలు మందిరంలో పెట్టారు. చూసినవాళ్లు దేవుణ్ణి స్తుతించారు, నన్నూ మెచ్చుకున్నారు. శాంతమ్మ చోటు ఇప్పటికీ వెనక వరుసలో, ఆ పటం కిందే.

ఎందుకు దాచాను? హంతకుడంటారనా? ఒకప్పుడు అలాగే సర్దిచెప్పుకున్నాను గానీ, నన్ను నేను తవ్వుకుంటూ పోతే అడుగున దొరికింది అంత పెద్ద భయమేమీ కాదు, ఆదివారం నేను లేచి నిలబడితే జనం తల వంచే ఆ కాస్త మర్యాద. దానికోసం ఒక మనిషి మీద పాపం రాయించాను.

క్షమాపణ అడగను. ఇది రాస్తుంటే మాత్రం, చాలా కాలానికి ఊపిరి అడ్డు లేకుండా ఆడుతోంది. మందిరంలో చెప్పలేని మాట ఇదే: ఏసోబు ఏ పాపానికీ చావలేదు. నేను ఆగమన్నాను. ఆగాడు.