కొంగ బొమ్మ చెంచా

మా ఎదురింటి పెద్దావిడ ఒక ఇంగ్లీషు ప్రభువు కూతురని తెలిసిన వారంలోపే, అమెరికాలో మా ఊరు క్యారీలో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో సగంమందికి ఆ సంగతి చెప్పేశాను. మిగతా సగంమందికి వాళ్ళు చెప్పారు. ఆవిడ తండ్రి ఎర్ల్ అట, అంటే మన లెక్కలో సంస్థానాధీశుడి హోదా అని నేనే అందరికీ విడమరిచి చెప్పేదాన్ని. ఉగాది ఫంక్షన్‌కి పట్టుబట్టి తీసుకెళ్ళి, ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పించి, పక్కన నిలబడి ఫొటో దిగాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చూసినప్పుడల్లా తీసేద్దామనుకుంటాను, తీయను.

ఆవిడ చూడ్డానికి ప్రభువుల బిడ్డలా ఉండేది కాదు. ఎనభై దాటిన మనిషి, మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టర్ వేసుకుని గులాబీ పాదుల్లో కలుపు తీసుకుంటూ కనిపించేది. పోయిన భర్త మొక్కల శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. చలికాలంలో నా కరివేపాకు మొక్క ఆకులన్నీ రాల్చి మోడై నిలబడితే, చచ్చిపోయిందని నేను పారేయబోతుంటే, రోడ్డు దాటి వచ్చి ఆపింది. గరాజ్‌లో కిటికీ పక్కన పెట్టించింది. మార్చిలో చిగుళ్ళు వచ్చాయి. అప్పటినుంచి శనివారం సాయంత్రాలు ఆవిడ ఇంట్లో టీ మా ఇద్దరికీ అలవాటైంది.

తన చిన్నతనం గురించి అడిగితే తప్ప చెప్పేది కాదు. నేను అడగకుండా ఉండే రకం కాదు. వాళ్ళింట్లో గదులు ఎన్నో తనకే తెలియదట. చలికి మంచం పక్కన గ్లాసులో నీళ్ళు గడ్డకట్టేవట. తల్లిని రోజుకు అరగంట, అదీ సాయంత్రం తల దువ్వించుకున్నాక చూడటమేనట, మిగతాదంతా ఆయా పెంపకం. పైకప్పు బాగుచేయించాల్సి వచ్చినప్పుడల్లా గోడ మీదినుంచి ఒక ముత్తాతగారి బొమ్మ దిగి అమ్మకానికి వెళ్ళేదట. ఇల్లూ బిరుదూ అన్నగారికి పోయాయి. ఆడపిల్లకు ఏమీ లేదు. చదువుకని ఇక్కడికి వచ్చి ఒక రైతు కొడుకును పెళ్ళి చేసుకుంటే తండ్రి రెండేళ్ళు ఉత్తరం రాయలేదట. ఇది విని మా వాళ్ళే నయం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అంత నయమేమీ కాదు.

కానీ చుట్టరికాల విషయంలో మాత్రం ఆవిడ అచ్చం మనలాంటిదే. ఎవరి చెల్లెలిని ఎవరి పినతండ్రి కొడుక్కి ఇచ్చారో, ఏ ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఏ ఇంటి కోడళ్ళయ్యారో గడగడా చెప్పేది. వాళ్ళ వంశవృక్షం పెద్ద తోలు అట్ట పుస్తకంలో ఉండేది. ఒక శనివారం దాన్ని బల్లమీద పెట్టి, నన్ను ఒక సాయం అడగాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానంది.

వాళ్ళ తాతగారికి ఒక తమ్ముడు. గోదావరి కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి వెనక్కి వెళ్ళాడు. పుస్తకంలో ఆయన పేరు కింద ఇంకుతో ఏమీ లేదు. ఎవరో పెన్సిల్‌తో ఒక గీత గీసి, దానికి రెండు చిన్న కొమ్మలు వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పుస్తకంలోంచి ఒక ఫొటో తీసింది. బంగళా వసారాలో చీర కట్టుకున్న ఒకావిడ, రెండు వైపులా ఇద్దరు ఆడపిల్లలు. వెనకాల 'పిల్లలతో' అని మాత్రం రాసి ఉంది. తను పోయేలోపు ఆ పెన్సిల్ గీతల మీద ఇంకు పెట్టాలని ఆవిడ కోరిక. మావాళ్ళలో ఇది పట్టించుకునేదాన్ని నేనొక్కదాన్నే, నా తర్వాత ఎవరూ అడగరు, మీ ప్రాంతమే కదా, ఎవరినైనా కనుక్కోగలవా అంది.

నేను ఫొటో చూడటం లేదు. పుస్తకం అట్ట చూస్తున్నాను. అట్ట మీద వాళ్ళ వంశం గుర్తు అచ్చొత్తి ఉంది. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, ముక్కున చేప, మెడ చుట్టూ చిన్న కిరీటం. ఆ కొంగ నాకు తెలుసు. అది మా దేవుడి గదిలో ఉంది.

మా అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చిన వెండి చెంచా అది. కాడ చివర ఇదే కొంగ. మా ఇంట్లో పిల్లలందరికీ అన్నప్రాశనలో మొదటి ముద్ద దానితోనే. మిగతా రోజుల్లో తీర్థం ఇచ్చే ఉద్ధరిణి. ఎవరో జమీందారు గారు మెచ్చి ఇచ్చారని పైకి చెప్పుకునేవాళ్ళం. లోపలి సంగతి నాకు డిగ్రీ చదివే రోజుల్లో అమ్మమ్మ చెప్పింది. పెసలు బాగుచేస్తూ, చేట మీదినుంచి తలెత్తకుండా చెప్పింది. వాళ్ళమ్మ ఒక కాలువల దొర కూతురు. దొర తన దేశం వెళ్ళిపోయాడు. ఇద్దరు పిల్లల్లో చిన్నది జ్వరంతో పోయింది. పెద్దదాన్ని దొర ఆఫీసులో పనిచేసే గుమాస్తా తన ఇంటికి తీసుకెళ్ళి, తన కూతురని చెప్పి, తన ఇంటిపేరు పెట్టి, ఎవరూ ఎరగని ఊళ్ళో పెళ్ళి చేశాడు. ఆ పిల్ల వెంట వచ్చింది ఈ చెంచా ఒక్కటే. దొర గుర్రం ఎర్రదని, మామిడిపండును ముక్కలు కోయించుకుని చెంచాతో తినేవాడని కూడా చెప్పింది. ఎక్కడా నోరు జారకు అంది. మా అమ్మకూ నాకూ మా అమ్మాయికీ ఉన్న పిల్లికళ్ళు ఎక్కడివో ఆ రోజు తెలిసింది.

నా ఎదురుగా కూర్చున్న మనిషి నూరేళ్ళ కిందటి ఆ పిల్ల కోసం అడుగుతోంది. నేను టీ కప్పు కింద పెట్టి, చాలా పెద్ద ప్రాంతమండీ, కనుక్కోవడం కష్టం అన్నాను. ప్రయత్నిస్తానని కూడా అన్నాను. రోడ్డు దాటి ఇంటికి వచ్చేలోపు వరస లెక్క తేలిపోయింది. ఆ మాత్రం లెక్క మనవాళ్ళకు కాగితం లేకుండానే వస్తుంది. మా అమ్మమ్మకు ఈవిడ మేనమామ కూతురు, మరదలు వరస. ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు.

ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదరబోతోంది. అబ్బాయివాళ్ళు ఆష్‌బర్న్‌లో ఉంటారు. అబ్బాయి తల్లి ఫోన్‌లో ఎంతో మర్యాదగా మా ఇంటిపేరు, మా అమ్మగారి పుట్టింటివారి ఇంటిపేరు, చివరికి మా అమ్మమ్మగారి పుట్టింటివారు ఎవరని అడిగింది. నేను గుమాస్తా ఇంటిపేరు చెప్పాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఆఫీస్‌లో కొత్తగా చేరినవాళ్ళకు, మనుషులందరినీ సమానంగా చూడటం గురించి ట్రైనింగ్ ఇస్తాను. అదే నేను మా ముత్తమ్మమ్మ పుట్టుక బయటపడుతుందని వణికాను. ప్రభువు కూతురి పక్కన ఫొటో కావాలి, ఆ ప్రభువుల రక్తం మాత్రం వద్దు. నా తీరు అది.

కొంగ చెంచాను బట్టల అలమరలో దాచేశాను. అబ్బాయివాళ్ళు వస్తున్న ఆదివారమే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఇంత దాచినదాన్ని, ఆ రోజు ఆవిడను పిలవకుండా ఉండొచ్చు కదా. ఉండలేకపోయాను. వియ్యాలవారి ముందు ఒక ఎర్ల్ కూతురు మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎంత బాగుంటుందో ముందే ఊహించుకున్నాను.

పూజ చివర పంతులుగారు ఉద్ధరిణి అడిగారు. చెంచాకు బదులు నేను కొన్న రాగిది ఎక్కడో కనబడలేదు. ఆయనకు ఇంకో ఇంట్లో వ్రతం ఉంది, తొందరపెడుతున్నారు. నేను వంటింట్లో వెతుకుతుంటే మా అమ్మాయి మేడమీదికి పరుగెత్తి, చీరల మధ్యనుంచి మా చెంచా తీసుకొచ్చి ఆయన చేతికి ఇచ్చేసింది. అది లేకుండా మా ఇంట్లో పూజ జరగడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. నేను వచ్చేసరికి పంతులుగారు పెద్దావిడ ముందు వంగి ఉన్నారు. ఆవిడ మా దగ్గర నేర్చుకున్నట్టే ఎడమచేతి మీద కుడిచెయ్యి ఉంచి, అరచెయ్యి గుంటచేసి పట్టింది. తీర్థం చేతిలో పడింది. తాగడం మరిచిపోయి చెంచా కాడ వైపే చూస్తోంది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పక్కనే ఉన్న అబ్బాయి తల్లి పాదాల దగ్గర కారాయి.

"ఇది మీకు ఎక్కడిది?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

అబ్బాయి తల్లి నా వైపే చూస్తోంది. "రాలీలో ఎస్టేట్ సేల్‌లో కొన్నానండీ. పాతది, బాగుందని" అన్నాను.

ఎవరో పోతే వాళ్ళ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెడతారే, ఆ సేల్. పెద్దావిడ మొహం కందిపోయింది. నాకు క్షమాపణ చెప్పింది. మావాళ్ళ వెండి అమ్ముడుపోయి ఎక్కడెక్కడో తేలింది, అలా అడగకుండా ఉండాల్సింది అంది. అబద్ధం ఆడింది నేను, తల దించుకున్నది ఆవిడ. మా అమ్మాయి ప్రసాదం గిన్నె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా రెండు నిమిషాల్లో తేరుకుని అందరికీ భోజనాలు వడ్డించాను.

మర్నాడు గ్రోసరీకి వెళ్తుంటే కార్‌లో మా అమ్మాయి అడిగింది. "అమ్మా, అది అమ్మమ్మ స్పూన్ కదా. ఎందుకు లై చేశావ్?"

చెప్పాను. ఎవరూ లేని కార్‌లో కూడా గొంతు తగ్గించి చెప్పాను.  "అంటే షీ ఈజ్ ఫ్యామిలీ. నువ్వేమో సేల్‌లో కొన్నా అన్నావ్" అంది. ఆ తర్వాత దాని గురించి నాతో మాట్లాడలేదు. ఆ వారమే అబ్బాయికి అంతా చెప్పేసిందని పెళ్ళయ్యాక తెలిసింది. అబ్బాయి వాళ్ళమ్మకు చెప్పాడట. ఆవిడే ఒకసారి ఫోన్‌లో, మా అత్తగారి వైపు కూడా ఇలాంటిదేదో ఉందంటారు లెండి, ఎవరూ మాట్లాడరు, అని మామూలుగా అనేసింది. ఏది కూలిపోతుందని భయపడ్డానో అక్కడ అసలు గోడే లేదు.

అప్పుడైనా వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. శనివారాలు ఆఫీస్ కాల్స్ ఉన్నాయన్నాను. కార్ నేరుగా గరాజ్‌లోకి పోనిచ్చి, తలుపు పూర్తిగా మూసుకున్నాకే దిగేదాన్ని. ఆవిడ పాదుల దగ్గరనుంచి చెయ్యి ఊపేది, నేను ఫోన్ చెవిన పెట్టుకునేదాన్ని. అలా ఎనిమిది నెలలు గడిచాయి. తర్వాత ఒకరోజు వాళ్ళ వాకిట్లో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ ట్రక్ కనిపించింది. ఆరెగాన్‌లో ఉన్న కొడుకు తీసుకెళ్ళిపోతున్నాడట.

చెంచాను కొత్త రవికెల గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. అట్టపెట్టెల మధ్య రెండు కుర్చీలు మిగిలి ఉన్నాయి. కూర్చోమంది. నేను కూర్చోకుండానే అమ్మమ్మ చెప్పినదంతా చెప్పాను. గుమాస్తా, జ్వరంతో పోయిన చిన్నపిల్ల, పెద్దపిల్ల పెళ్ళి, ఆ రోజు నేను ఆడిన అబద్ధం. ఎవరి కోసం ఆడానో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ రోజు మీ అమ్మాయి మొహం చూశాను. అప్పుడే అర్థమైంది. చెప్పాలనిపించినప్పుడు నువ్వే వస్తావని ఊరుకున్నాను" అంది.

లేచి, కట్టేసిన ఒక పెట్టె టేపు చింపి పుస్తకం తీసింది. ఆ పేజీ తెరిచింది. ఇంకు పెన్ను మూత తీసి, గుడ్డతో పాళీ తుడిచి, పెన్సిల్ గీత మొదట్లో ఆనించింది.  ఆవిడ సంతోషం చూస్తేనే తెలుస్తోంది.

"ముందు ఆవిడది రాద్దాం. పిల్లల తల్లిది. ఆవిడ పేరేమిటి?"

 నాకు తెలియదు.

అమ్మమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. దొర గుర్రం రంగు తెలుసు, ఆయన మామిడిపండు ఎలా తిన్నాడో తెలుసు. ఆవిడ ఎవరో, పిల్లను తీసుకెళ్ళిపోయాక ఎక్కడ బతికిందో, ఎప్పుడు పోయిందో అడగాలని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. అక్కడే నిలబడి రాజమండ్రిలో మా పిన్నికి ఫోన్ చేశాను.  "ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదే. అమ్మకైనా తెలుసో లేదో" అంది. ఇంకెవరినీ అడగడానికి లేదు.

పెద్దావిడ పెన్ను కొంచెం కిందికి జరిపి ముత్తమ్మమ్మ పేరు అడిగింది. స్పెల్లింగ్ చెబితే నిదానంగా రాసింది. తర్వాత అమ్మమ్మది, అమ్మది, నాది, మా అమ్మాయిది. ఇంకు ఆరేదాకా ఇద్దరం పేజీ పట్టుకుని కూర్చున్నాం. మా పేర్లన్నీ నల్లగా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటికి పైన, మమ్మల్నందరినీ కన్నావిడ చోట, పెన్సిల్ గీత ఒక్కటే ఉంది.