హాలు గోడమీద తెల్లమ్మాయి

రంగులమ్మాయి ఎక్కడ అంటే ఆ వీధిలో ఎవరైనా ఫోటో స్టూడియో చూపిస్తారు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చుని ఫోటోల్లో మొహాల రంగులు సరిచేస్తుంది. తల్లి తెల్లజాతి మనిషి, తండ్రి నల్లజాతివాడు. ఆయన పోయి చాలా కాలమైంది. రెండు జాతులకి పుట్టడం వరమని ఆమెకి చెప్పినవాళ్ళంతా ఏదో ఒకే జాతిలో హాయిగా పుట్టినవాళ్ళు.

ఒకసారి ఉండబట్టలేక తండ్రి అక్కగారిని వెతుక్కుంటూ వెళ్ళింది. మేనత్త కుట్టుమిషను ఆపకుండానే తేరిపార చూసింది.

"ముక్కు మా తమ్ముడిదే. కానీ నువ్వు వాళ్ళ పిల్లవేనమ్మా. ఇక్కడ నిన్ను చూస్తే ఏ దొరసానో దారి తప్పి వచ్చిందనుకుంటారు," అని మంచినీళ్ళిచ్చి పంపేసింది.

ఇక మిగిలింది తల్లివైపు. అక్కడ పొమ్మన్నవాళ్ళెవరూ లేరు. కాకపోతే ఏ వేడుకైనా కెమెరా ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు. అమ్మమ్మ హాలు గోడ నిండా ఆమె తీసిన ఫోటోలే, ఆమె ఉన్నది ఒక్కటీ లేదు. అందుకే అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి ఫోటో తీయమని స్టూడియో యజమానిని బతిమాలి వెంటబెట్టుకెళ్ళింది. "ఈసారి నేనూ నిలబడతాను," అంది. ఎవరూ కాదనలేదు. మామయ్య జరిగి చోటిచ్చాడు కూడా.

పని త్వరగా తెమలడానికి స్టూడియో కంప్యూటర్లో ఆమే ఒక ఏర్పాటు చేసిపెట్టింది. ఒక్క మీట నొక్కితే గుంపులోని మొహాలన్నీ ఒకే ఛాయకి వచ్చేస్తాయి. కొందరు ఎండలో, కొందరు నీడలో నిలబడి తీయించుకున్న ఫోటోల కోసం చేసింది. ఆమె సెలవులో ఉండగా యజమాని ఎవరి మొహమూ చూడకుండా, అలవాటుకొద్దీ ఆ మీటే నొక్కి, ఫ్రేము కట్టించి, ప్రేమగా అమ్మమ్మ ఇంటికి పంపేశాడు.

ఆమె వెళ్ళేసరికి అది గోడెక్కింది. రెండో వరసలో ఆమె గౌను వేసుకుని, ఆమె జుట్టుతో, ఎవరో తెల్లమ్మాయి నవ్వుతోంది.

"ఎంత కళగా పడ్డావే," అంది పిన్ని. "రోజూ ఇలా ఉండకూడదూ?"

"రోజూ కంప్యూటర్లో తెల్లబడాలంటే కరెంటు బిల్లు ఎక్కువవుతుంది పిన్నీ."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మర్నాడు అసలు ఫోటోని అదే సైజులో ప్రింటు తీసి పట్టుకొచ్చింది. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇదీ బాగానే ఉంది. నువ్వు దాచుకో."

"అది తీసేసి ఇది పెడదాం అమ్మమ్మా. అందులో ఉన్నది నేను కాదు."

"నువ్వు కాకపోతే ఇంకెవరే పిచ్చిపిల్లా. అదయితే ఇంటికొచ్చినవాళ్ళు ఎవరీ పిల్ల అని అడగరు. అడిగినవాళ్ళందరికీ చెప్పుకునే ఓపిక నాకుండొద్దూ?"

ఆ గొంతులో విసుగు లేదు, ముద్దే ఉంది. అదే చిక్కు. తిడితే తిరిగి తిట్టొచ్చు. తల్లివైపు చూసింది. తల్లి బల్లమీది కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"పోనీలేవే, పెద్దావిడ," అంది తలెత్తకుండా.

ఫ్రేము ఒరిగిందన్నాడు మామయ్య. ఆ ఇంట్లో అందరికన్నా పొడుగు ఆమే. తెచ్చిన ప్రింటు సోఫామీద బోర్లా పెట్టి, చేతులెత్తి, తెల్లమ్మాయిని నిటారుగా నిలబెట్టింది.

"ఇంకాస్త ఎడమకి," అంది అమ్మమ్మ.