ఆయన ఎక్కని ఓడ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఎడారి ఊరు చాండ్లర్‌లో మా ఆఫీస్ కెఫెటీరియాలో ట్రే పట్టుకుని లైన్‌లో ఉండగా న్యూజెర్సీలోని పిస్కాటవే నుంచి ఆంటీ ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా "తిన్నావా?" అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు అడగలేదు. "అంకుల్ వెళ్ళిపోయారమ్మా. తెల్లారి లేపితే లేవలేదు," అంది. నేను "సరే ఆంటీ" అన్నాను. చావు కబురుకి ఎవరైనా సరే అంటారా? నా నోట్లోంచి అదే వచ్చింది. ట్రే అక్కడే వదిలేసి, కారులోకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను.

ఆయన మీలో ఎవరికీ తెలిసుండరు. నాకూ చుట్టం కాదు. కరీంనగర్ నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. ఆయనది కాకినాడ. పిల్లల్లేరు. మిగతా ఇళ్ళ ఓనర్లు ఫ్రిజ్ మీద రూల్స్ అంటించేవారు. ఈయన నోటితో చెప్పింది ఒక్కటే. "ఏడుపొస్తే పైకొచ్చి ఏడవండమ్మా. కింద ఏడిస్తే హీటర్ గొట్టాల్లోంచి మా పడగ్గదిలోకి వినిపిస్తుంది. ఆంటీకి నిద్ర పట్టదు."

మొదటి సెమిస్టర్‌లో నేను చాలాసార్లు పైకి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా ఆంటీ ఉప్మా చేసేది, ఆయన ఓడ కథ చెప్పేవారు. ఉప్మా నాకు పడదు. ఓడల గొడవ నాకెందుకు? సముద్రం చూసిందే న్యూజెర్సీ వచ్చాక. అయినా రెండూ వద్దనకుండా పూర్తి చేసి కిందికి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ రెండిటి కోసమూ ప్రాణం కొట్టుకుంటోంది.

ఆయన రెసిన్ కెమిస్ట్. రెసిన్ అంటే ఆరితే రాయిలా గట్టిపడే జిగురు. పెళ్ళైన కొత్తలో హాలండ్‌లో ఉండేవారు. హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్ కలిసి తమ నౌకాదళాల కోసం ఒకే నమూనా ఓడలు కట్టుకుంటున్న రోజులవి. సముద్రం అడుగున మందుపాతరల్లా ఉండే మైన్లను వెతికి పట్టుకునే ఓడలు. ఇంజన్లు ఒక దేశం, కరెంటు సామాను ఇంకో దేశం, వెతికే యంత్రాలు మూడో దేశం ఇవ్వాలి. ఓడ ఒళ్ళు మాత్రం ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి. "ముగ్గురు వియ్యపురాళ్ళు ఒకే పొయ్యి మీద వండినట్టుండేదమ్మా. మాడకుండా దిగడమే గొప్ప," అనేవారు అంకుల్. పైనుంచి ఇనుము పోతే పసిగట్టి పేలే మైన్లు ఉంటాయి. అందుకని ఆ ఓడల ఒళ్ళు ఇనుముతో కట్టరు. గాజుబట్ట పరిచి, రెసిన్ పూసి, మళ్ళీ గాజుబట్ట పరుస్తారు. "మన పూతరేకులే. నెయ్యి బదులు రెసిన్," అని ఆయన లెక్క.

ఆ పొరల మధ్య ఇనుప ముక్క పడకూడదు. పడింది. అది మా ఆంటీ పిన్నీసు.

"స్వెటర్ గుండీ ఊడిపోయింది. చలికి చేతులు వంకర్లు పోతుంటే సూది దారం ఎవరు పడతారు? పిన్నీసు పెట్టి పంపాను. అది ఓడలో పడుతుందని నాకేమైనా కలొచ్చిందా?" అని ఈ ఘట్టం రాగానే ఆంటీ వంటింట్లోంచి అందుకునేది.

ఆ మధ్యాహ్నం ఓడ కట్టే షెడ్‌లో పని చేస్తూ అంకుల్ చూసుకుంటే స్వెటర్ తెరుచుకుని ఉంది, పిన్నీసు లేదు. కింద పొద్దుటినుంచి పరిచిన పొరలు ఇంకా తడిగా ఉన్నాయి. గట్టిపడ్డాయంటే ఇక అంతే. పరిగెత్తుకెళ్ళి ఫోర్‌మన్‌కి చెప్పేశారు. షెడ్‌లో పని ఆగిపోయింది. వాళ్ళ భాషలో తిట్లు మొదలయ్యాయి. అప్పుడు ఫోర్‌మన్ గ్లవుజులు తొడుక్కుంటూ అన్నాడట, "ముందు వెతుకుదాం, తిట్టుకోవడం తర్వాత." ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని తడి బట్టను జానెడు జానెడు లేపుకుంటూ పోయారు. పిన్నీసు దొరికింది. ఆ పొరలన్నీ తీసేసి మళ్ళీ పరిచారు. ఇక తిడతాడని అంకుల్ చూస్తూ ఉంటే ఫోర్‌మన్ ఆ సంగతే మర్చిపోయాడు. కొన్నాళ్ళ తర్వాత కాఫీ తాగుతుండగా గుర్తొచ్చి తిట్టాడు. ఆ తిట్లతోనే స్నేహం కుదిరింది.

ఆ ఫోర్‌మన్ మాటను అంకుల్ మాకు ఇంటి మాట చేసేశారు. చదువయ్యాక నాకు ఉద్యోగం రాలేదు. చదువు తర్వాత ఉద్యోగానికి ఇచ్చే ఓపీటీ గడువు కరిగిపోతోంది. ఒక సాయంత్రం పైకి వెళ్ళి, "ఇగ ఇంటికి పోవుడే అంకుల్. అంత నేనే పాడుజేసుకున్న. ఆ కోర్సులు తీసుకోకుండ ఉండాల్సింది," అన్నాను.

"ముందు వెతుకమ్మా. నిన్ను నువ్వు తిట్టుకోడానికి ఎప్పుడైనా టైముంటుంది, ఎక్కడికీ పోదది," అన్నారాయన. ఉద్యోగం వచ్చింది. తర్వాత హెచ్1బి వీసాకి వేశాక గంట గంటకీ వెబ్‌సైట్‌లో స్టేటస్ చూస్తుంటే, "గట్టిపడేదాకా వేలు పెట్టకూడదే పిల్లా," అని నా లాప్‌టాప్ మూసేసేవారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండేది.

ఆయన కిడ్నీలు అప్పటికే పాడయ్యాయి. శనివారాలు డయాలసిస్‌కి నేను డ్రైవ్ చేసేదాన్ని. దారిలో కార్లకు సొట్టలు తీసే షాపు ఒకటి ఉంది. అక్కడికి రాగానే, మంచు పడుతున్నా సరే, "విండో దించమ్మా," అనేవారు. ఆ షాపులోంచి ముక్కు పగిలే కంపు వచ్చేది. అది రెసిన్ వాసనట. ఆయన కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చుకునేవారు. నేను ముక్కు మూసుకుని, ఆకుపచ్చ లైటు పడాలని మొక్కుకునేదాన్ని.

ఆ ఓడను ఆయన ఎప్పుడూ ఎక్కలేదని నాకు తెలిసింది అలాంటి ఒక శనివారమే. "ఒళ్ళు కట్టేదాకా దాని కడుపులోనే తిరిగాను. యంత్రాలు పెట్టడం మొదలయ్యాక, పరాయి దేశం వాడివని గేటు దగ్గర ఆపేశారు. వాళ్ళ రూల్ వాళ్ళది, తప్పేం లేదు. నీళ్ళలోకి దించిన రోజు మేమిద్దరం అవతలి ఒడ్డున నిలబడి చూశాం. మీ ఆంటీ పులిహోర కట్టుకొచ్చింది," అని నవ్వారు. మళ్ళీ విండో వైపు తిరిగి, "ఒక్కసారి ఎక్కాలమ్మా. ఎక్కి ఏం చేస్తారంటే ఏం లేదు. అది నీళ్ళ మీద ఊగుతుంటే నేను దాని మీద ఉండాలి. అంతే," అన్నారు. ఆయన దేన్నైనా అంత గట్టిగా కోరుకోవడం నేను మరెప్పుడూ వినలేదు.

మరుసటి వసంతంలో రిటైరైన ఆ ఫోర్‌మన్ నుంచి కబురు వచ్చింది. ఆ ఓడను వేరే దేశానికి అమ్మేశారు. జెండా మారుతుంది, పేరూ మారుతుంది. అప్పగించే ముందు ఒక శనివారం మామూలు జనాన్ని ఎక్కనిస్తారు. అంకుల్ పెళ్ళికొడుకైపోయారు. టికెట్లు బుక్ చేశాం. అక్కడ డయాలసిస్‌కి ఏర్పాటు చేసుకున్నాం. ఆంటీ కొత్త స్వెటర్ కొని, గుండీలన్నీ లాగి లాగి చూసింది. బయల్దేరే వారంలో ఆయన చేతిలో డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళం మూసుకుపోయింది. గడ్డ తీసి దాన్ని తెరిపించి గండం గట్టెక్కించారు కానీ, విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టర్ తేల్చి చెప్పేసింది.

ఆ శనివారం ఎప్పటిలాగే డయాలసిస్‌కి వెళ్ళాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉండగా ఫోన్ మోగింది. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఆ ఫ్లిప్ ఫోన్ నేనే తెరిచి స్పీకర్ పెట్టి పట్టుకున్నాను. ఫోర్‌మన్. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు.

"ఎక్కాను. నీకు ఏం చూసి చెప్పమంటావు?" అన్నాడు ఫోర్‌మన్. పిన్నీసు పడిన చోటు అడుగుతారేమో అనుకున్నాను. అంకుల్, "వాసన ఎలా ఉంది?" అని అడిగారు.

"ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. డీజిల్. కొత్త పెయింట్."

"రెసిన్?"

అవతల గట్టిగా గాలి పీల్చిన చప్పుడు. "లేదు. అది ఎప్పుడో పోయింది."

"పోవాలి," అన్నారు అంకుల్. "పోతేనే బాగా గట్టిపడినట్టు." వెంటనే అడిగారు, "ఊగుతోందా?"

"కొంచెం."

"అయితే మాట్లాడకు. ఫోన్ పెట్టెయ్యకు. ఊరికే అలా నిలబడు."

ఆ పెద్దాయన అలాగే నిలబడ్డాడు. గాలి హోరు, మెట్ల మీద అడుగులు, పిల్లల కేకలు వినిపించాయి. నర్స్ వచ్చి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది. అంకుల్ కళ్ళు మూసుకున్నారు. నా చెయ్యి లాగేస్తున్నా ఫోన్ కదపలేదు. ఆయన ఓడ ఎక్కినట్టే అని ఆ రాత్రి ఆంటీ అంది. నేను అనలేకపోయాను. ఎక్కలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే, ఎవరి మీదో తెలియని కోపం.

తర్వాత నేను చాండ్లర్ వచ్చేశాను. శనివారం కారులో ఎటు వెళ్తున్నా పక్క సీటు వైపు చూడటం మానలేకపోయాను. ఆయన ఫోన్‌లో, "మీ ఎడారిలో ఓడలున్నాయా?" అని ఆటపట్టించేవారు. "మస్తున్నయ్ అంకుల్, మీరే వస్తలేరు," అనేదాన్ని. వస్తానన్నారు. రాలేదు.

అస్థికలు కలపడానికి ఆంటీ పిలిస్తే వెళ్ళాను. తీరానికి బాగా దూరం పోయాకే కలపాలట. చేపల వేటకు తీసుకెళ్ళే చిన్న ఫైబర్ బోటు ఒకటి, అదీ గాజుబట్టా రెసినే, మాట్లాడుకున్నాం. అట్లాంటిక్ ఆ పొద్దున బూడిదరంగులో, గాలి లేకుండా ఉంది. కెప్టెన్ ఇంజన్ ఆపేశాడు. ఆంటీ వంగి బూడిదను నీళ్ళలో వదిలింది. నేను బంతిపూల రేకులు వేశాను. అలలు తీసుకుపోతాయనుకున్నాం. తీసుకుపోలేదు. బోటుతో పాటే రేకులూ, నీటి మీద తేలే ఆ సన్నని బూడిద చారా మెల్లగా జరుగుతూ, బోటు ఒంటికి ఆనుకునే ఉన్నాయి.

"పక్కనే ఉన్నారు చూడవే," అంది ఆంటీ. "ఎక్కించుకోమంటున్నట్టున్నారు."

వంగి, నీళ్ళలోంచి ఒక్క రేకు తీసి బోటులో తన పక్కన బల్ల మీద పెట్టుకుంది. కెప్టెన్ తాళం చెవి మీద చెయ్యి వేసి మా వైపు చూశాడు. ఇంకాసేపు ఆగమన్నాను. అతను ఆగాడు. బోటు ఊగుతూ ఉంది.