సిలకమ్మ నిశాని

ఈ ఉదయం కూడా మా ఆయన జామకాయలకు కట్టిన క్యారీబ్యాగులు రెండు చిరిగి చెట్టు కింద పడి ఉన్నాయి. రాజాంలో మా పెరట్లో ఉన్నది ఆ ఒక్క జామచెట్టే. దాని మీద హక్కు తనదని ఆయన, తమదని చిలకలు. మధ్యలో తీర్పరి మా మేనత్త. ఎనభై ఏడేళ్ళ మనిషి. నడుము వంగింది గానీ నోరు వంగలేదు. ఆయన బజారుకు వెళ్ళడం ఆలస్యం, ఊతకర్రతో అందినంత మేరా ఆ బ్యాగులు లాగేస్తుంది. "తిననీ. మాయమ్మ తాలూకావి అవి," అంటుంది. పికిలిపిట్టలు గోల చేసినా, జెముడుకాకి గోడ మీద ఇనస్పెక్టరులా నడిచినా ఆమెకు పట్టదు. చిలక అరిస్తే మాత్రం చేతిలో పని వదిలేసి తల పైకెత్తుతుంది. ఈ చుట్టరికం ఏమిటో కిందటి చలికాలం దాకా నాకు సరిగ్గా తెలియదు.

అత్త తల్లి, అంటే మా నాన్నమ్మ, అత్తకు ఏడేళ్ళప్పుడే పోయింది. మా నాన్న అప్పటికి పాలు తాగే పిల్లాడు. ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. మిషను ఊళ్ళోని సమాధుల తోటలో చిన్న రాయి ఉండేది గానీ, దాని మీది అక్షరాలు వానలకు అరిగిపోయాయి. కిందటేడు తోటకు ప్రహరీ కడుతూ, కొత్త రాళ్ళు వేయించుకునేవాళ్ళు పేర్లు రాసి ఇవ్వమని చర్చి సంఘం వాళ్ళు కబురు చేశారు. ఆ రోజు అత్త అన్నం సరిగ్గా తినలేదు. "నాను పోతే ఆ పేరు తెలిసినోలు ఉండరే. నానుండగానే రాయి ఎయ్యించు. సిలకమ్మ అని రాయించు," అంది. మా తమ్ముడు ఫోనులో, "అది ముద్దుపేరేమో అక్కా, చర్చి రిజిస్టరు చూడు," అన్నాడు. నాకూ ఆ మాటే నచ్చింది. ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పిల్లల పుస్తకాల్లో 'సెప్పాడు'ను 'చెప్పాడు'గా, 'సూశాడు'ను 'చూశాడు'గా ఎర్రసిరాతో దిద్దినదాన్ని. కాగితం మీద ఉన్నదే పేరని నా నమ్మకం.

మిషను ఊరు వెళితే, పాస్టరుగారు బీరువాలోంచి పాత పెళ్ళిళ్ళ రిజిస్టరు తీసి ఇచ్చారు. చెదలు తినగా మిగిలిన పేజీలు. నేను 'చి' కోసం వెతికాను. చిలకమ్మ ఎక్కడా లేదు. చివరికి తాత పేరు దొరికింది, పక్కనే వధువు పేరు: సిలువమ్మ. దాని పక్కన నిశాని, అంటే చదువు రానివాళ్ళు సంతకం బదులు పెట్టే గుర్తు. మిగతావాళ్ళందరిదీ అడ్డగీత మీద ఒక నిలువుగీత. ఈవిడది మాత్రం మెలికలు తిరిగి ఉంది. సిలువ వేయబోతే చేయి వణికిందనుకుని, ఫోనులో ఫోటో తీసుకున్నాను. బస్సులో వస్తూ సంబరపడ్డాను కూడా. సమాధి రాయికి అంతకంటే తగిన పేరు ఏముంటుంది!

"సిలువమ్మ ఎవులే?" అంది అత్త.

"నాన్నమ్మే అత్తా. రిజిస్టర్లో అలాగే ఉంది."

"మా అయ్య 'సిలకా' అని కేకేస్తే నాను ఇన్నాను. నువ్వు ఇన్నావేటి? ఆ రాసినాయన మన ఊరోడేనా?"

కాదు. అప్పట్లో రిజిస్టరు రాసిన చర్చి అయ్యగారు గుంటూరు వైపు నుంచి వచ్చినవారని పాస్టరుగారే చెప్పారు. చిలకను చిలక అనే ఊళ్ళో పెరిగిన మనిషికి, కొత్తగా సంఘంలో చేరిన పెళ్ళికూతురు సిగ్గుతో "సిలకమ్మ" అంటే ఏమని వినపడుతుంది? నాకు అనుమానం మొదలైంది గానీ, అనుమానాన్ని రాయి మీద చెక్కించలేం కదా. ఊరికే చూస్తుందని ఫోటో పెద్దది చేసి చూపించాను. అత్త ఫోనును ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసింది. తర్వాత సుద్దముక్క తెమ్మంది.

పెరట్లో బట్టలుతికే బండ మీద, చేయి ఎత్తకుండా ఒక్క గీతలో వేసింది. వంకీ ముక్కు, మెడ దగ్గర ఒక మెలిక, గుండ్రటి పొట్ట, పొడుగాటి తోక. "మాయమ్మ నా సెయ్యి అట్టుకొని ఏయించినాది. సంఘంలో కలిసినాక ముగ్గులు ఒద్దన్నారంట. ఈదిలో మానేసినాది. పెరట్లో ఈ ఒక్కటీ ఏసీది." ఫోనును బండ పక్కన పెట్టి చూశాను. అదే వంకీ, అదే మెలిక. అన్ని సిలువల మధ్యా ఒక చిలక! అయ్యగారు తనకు వినపడినట్టు పేరు రాసుకుంటే, అక్షరం ముక్క రాని మా నాన్నమ్మ దాని పక్కనే తన పేరు బొమ్మగా వేసి వెళ్ళింది. నాకు ఏడుపు వచ్చేసింది. అత్త మాత్రం బోసినోటితో నవ్వింది. "సూసినావా మాయమ్మ తెలివి!"

రాయి చెక్కే మేస్త్రీ నేనిచ్చిన కాగితం చూసి నసిగాడు. "మీరు తెలుగు టీచరు కదమ్మా. చిలకమ్మ అనాలి గదా, 'సి' అని రాసిచ్చినారేటి?" అత్త ఊతకర్ర నేలకేసి కొట్టింది. "సి అనే చెక్కు నాయనా," అన్నాను. నా ఉద్యోగంలో ఎన్నడూ అనని మాట. పేరు కింద ఆ బొమ్మ కూడా చెక్కించాం.

రాయి నిలబెట్టిన రోజు అత్త దాని ముందు చతికిలబడి, చిలక ముక్కు నుంచి మొదలుపెట్టి గీత వెంట వేలు పోనిచ్చింది. మెడ దగ్గరికి వచ్చి ఆగింది. "ఈ మలుపు కాడే నా సెయ్యి జారిపోయీది. మాయమ్మ తిప్పీది," అంది. అలా ఆపిన వేలిని కాసేపు కదపలేదు. ఎనభై ఏళ్ళు ఎటో వెళ్ళిపోయాయని అంతదాకా అనుకున్నాను. అవన్నీ ఆ మలుపు దగ్గరే, అమ్మ చేయి కోసం ఆగి ఉన్నాయి.